డోసు తర్వాత అడుగుదురు గానీ, ముందు ట్యాంకు తిప్పారా?

ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: "హెచ్‌టూఎస్ బాగా ఉన్న గ్యాస్ బావిలో యాసిడ్ జాబ్ చేయబోతున్నాం. కాయిల్ ట్యూబింగ్‌ను యాసిడ్ తినెయ్యకుండా ఇన్‌హిబిటర్ ఎంత శాతం వెయ్యాలి? ఏ కంపెనీది మంచిది?"

తెలియనివాళ్లకి ముందు ఈ మాటలు: హెచ్‌టూఎస్ అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. యాసిడ్ జాబ్ అంటే బావి అడుగు రాతిని కరిగించి గ్యాసుకి దారి చెయ్యడానికి యాసిడ్ పంపడం. కాయిల్ ట్యూబింగ్ అంటే ఆ యాసిడ్‌ను కిందికి దించే, చుట్టలా చుట్టిన పొడవాటి ఉక్కు పైపు. ఇన్‌హిబిటర్ అంటే యాసిడ్ ఆ ఉక్కును తినకుండా కలిపే మందు. ఇంకోటి కూడా ముందే చెప్పేస్తున్నానండి, నేను కెమిస్టును కాదు. నరసాపురం దగ్గర పుట్టి, మెకానికల్ డిప్లొమా చేసి, గల్ఫ్‌లో పదకొండేళ్లు యాసిడ్ పంపుల పక్కన నిలబడ్డవాణ్ణి. ఏ దేశం, ఏ కంపెనీ అని అడక్కండి, చెప్పను. మా మేనల్లుడు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. కానీ ఈ ప్రశ్న ఎక్కడ కనబడ్డా నాకు ఒళ్లు మండుతుంది. అందరూ డోసు అడుగుతారు, బ్రాండు అడుగుతారు. ట్యాంకు తిప్పారా, అంటే లోపలున్న యాసిడ్‌ని పంపుతో కలియదిప్పారా అని ఒక్కడూ అడగడు. నన్నడిగితే పైపులు పాడయ్యేది మందు తక్కువై కాదు. మందు ట్యాంకులో ఒక మూల, యాసిడ్ ఇంకో మూల ఉండి పాడవుతాయి.

ఇంట్లో పాత ఇత్తడి గిన్నె ఉన్నవాళ్లకి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. కళాయి ఉన్నంతకాలం అందులో చింతపండు పులుసు కాచుకోవచ్చు. ఒక్క చోట కళాయి లేచిందా, అక్కడే చిలుము పట్టి పులుసు చేదెక్కుతుంది. ఇన్‌హిబిటర్ చేసేదీ ఆ పనే. ఉక్కుకి అతుక్కుని, కంటికి కనబడనంత పల్చగా ఒక పొర వేస్తుంది. గిన్నెకైతే కళాయి ముందే వేయించుకుంటాం. ఇక్కడ పులుసుతో పాటే కళాయి కూడా బయల్దేరి దారిలో అంటుకుంటూ పోవాలి. పులుసులో కళాయే లేకపోతే?

అదే జరిగింది ఒక జనవరి మొదటి వారంలో.

ఎడారిలో జనవరి చలి మనవాళ్లకి చెబితే నమ్మరు. రాత్రి పదయ్యేసరికి 10 డిగ్రీలు. బావి అడుగున మాత్రం 120. సున్నపురాయి పొర. గ్యాసులో హెచ్‌టూఎస్ 8 శాతం, అంటే 80,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 80,000 పాళ్లు). మనిషి ప్రాణానికి తక్షణ ప్రమాదమని రాసిపెట్టింది 100 పీపీఎం దగ్గర. ఆ పైన ముక్కు కూడా మోసం చేస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన రావడం ఆగిపోతుంది. గ్యాసు పోయిందనుకుంటాం, అది పోదు.

మా ట్యాంకులు చూసే అబ్బాయిది కోనసీమ. ఆ ఏడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. సోర్ లొకేషన్‌లో, అంటే హెచ్‌టూఎస్ ఉన్న బావి దగ్గర, గడ్డం ఉన్నవాణ్ణి గేటు దాటనివ్వరు. మాస్కు అంచు చర్మానికి అతుక్కోవాలి, వెంట్రుకలు అడ్డమొస్తే ఆ సందులోంచి గ్యాసు దూరుతుంది. దీక్షలో ఉన్నవాడు గడ్డం తియ్యడు. ఇద్దరిదీ న్యాయమే కాబట్టి ఎవరూ గొడవ పడలేదు. అతన్ని క్యాంపు స్టోర్లో కూర్చోబెట్టి, వచ్చి నెల కూడా కాని ఇంకో కుర్రాణ్ణి ట్యాంకుల దగ్గర పెట్టారు. నేను డ్యూటీకి బస్సెక్కబోతుంటే నల్లపంచెతో చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"స్వామీ, పంపు మొదలెట్టే ముందు ట్యాంకు అడుగు వాల్వు నుంచి కాస్త పట్టి చూడండి. మందు పైకి తేలిపోతుంది. కొత్త స్వామికి తెలుసో లేదో."

"సరే స్వామీ" అన్నాను. బస్సులో నిద్రపోయాను. మర్చిపోయాను.

కొత్త కుర్రాడి తప్పేమీ లేదండి, ఇది గట్టిగా చెప్పాలి. సాయంత్రం నాలుగింటికి 15 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ రబ్బరు లైనింగ్ ఉన్న రెండు ట్యాంకుల్లో సిద్ధం చేశాడు. మందు డబ్బాలు లెక్కపెట్టి పోశాడు, కాగితం మీద ఎంత రాసుందో అంత. అరగంట పంపుతో తిప్పాడు కూడా. తర్వాత పర్మిట్ రాలేదు. పర్మిట్ వచ్చాక గాలి తిరిగింది, వెల్‌హెడ్ (బావి మూతి) వైపు నుంచి నేరుగా మా మీదికి. గాలి ఎటు వీస్తోందో చూపే విండ్‌సాక్ వంక చూస్తూ, ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చున్నాం. పదిన్నరకి కంపెనీ మ్యాన్, అంటే బావి సొంతదారు కంపెనీ మనిషి, కానివ్వమన్నాడు. అప్పటికి ట్యాంకులు దాదాపు ఆరు గంటలుగా కదలకుండా ఉన్నాయి. మళ్లీ తిప్పమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఇన్‌హిబిటర్ యాసిడ్‌లో ఉప్పులా కరగదు. చాలా మందులు సన్నటి చుక్కలుగా విడిపోయి తేలుతుంటాయి, అంతే. కదిలిస్తున్నంతసేపూ కలిసినట్టుంటాయి, వదిలేస్తే పాల మీద మీగడలా పైకి చేరతాయి. పంపు లాగేది ట్యాంకు అడుగు నుంచి. అంటే ముందు పోయేదంతా ఉత్త యాసిడ్. మందంతా ఆఖరి రెండు మూడు బ్యారెళ్లతో పోతుంది, నెయ్యంతా ఆఖరి బంతివాళ్ల విస్తళ్లలో పడ్డట్టు.

20 బ్యారెళ్లు పోయాక నాకు స్వామి మాట గుర్తొచ్చింది. గుండె జారిపోయింది. ఇంకా తెరవని రెండో ట్యాంకు దగ్గరికెళ్లి రెండు ప్లాస్టిక్ సీసాలు పట్టాను, పైనుంచి ఒకటి, అడుగు వాల్వు నుంచి ఒకటి. పైసీసాలో ముదురు గోధుమరంగు తెట్టు. అడుగుసీసాలో తేట నీళ్లు. సరిగ్గా కలిసిన యాసిడ్ మసగ్గా ఉంటుంది. చెరువు నీళ్లు తేరుకుంటే సంతోషిస్తాం గానీ, ఈ తేట చూస్తే భయమేస్తుంది. సామాన్ల చెక్కపెట్టెలకి కొట్టే మేకులు రెండు తీసుకుని చెరో సీసాలో వేశాను. పైసీసాలో మేకు ఊరికే పడుకుంది. అడుగుసీసాలో గోలీ కొట్టిన సోడాలా బుస్సుమంది.

సీసాలు పట్టుకుని సూపర్‌వైజర్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయనా మన గోదావరి జిల్లావారే, అనుభవజ్ఞుడే.

"ఏమయ్యా, ల్యాబ్ పాస్ చేసిన మందుకి నీ మేకు సర్టిఫికెట్ కావాలా?" అన్నారు.

"కాదండీ, ఒక్కసారి సీసాలు చూడండి."

చూశారు. బుసబుస పొంగుతున్న మేకు చూసి ఒక నిమిషం మాట్లాడలేదు. అప్పటికి చెయ్యగలిగింది కూడా పెద్దగా లేదు. కాయిల్ నిండా ఉత్త యాసిడ్ పెట్టుకుని మధ్యలో ఆగితే ఇంకా నష్టం. మొదటి ట్యాంకు అలాగే పోయింది. రెండోది మాత్రం నలభై నిమిషాలు తిప్పించి అప్పుడు పంపించారు. అది ఆయన మంచితనమే, కాదనను.

తెల్లారి రిటర్న్స్, అంటే బావిలోంచి తిరిగొచ్చే వాడిన యాసిడ్, వచ్చాయి. కాటుకలా నల్లగా. అందులో ఇనుము 10,000 పీపీఎం దాటింది. ఆ ఇనుమంతా ఎక్కడిదండీ? సున్నపురాయిలోంచి రాలేదు కదా. వారం తర్వాత యార్డులో నీళ్లతో ప్రెషర్ టెస్టు చేస్తుంటే కాయిల్ మీద సూదిబెజ్జం లోంచి నీళ్లు సన్నటి పిచికారీలా లేచాయి. గోడ మందమే మూడున్నర మిల్లీమీటర్ల లోపు. ఆ ముక్క కోసి చీల్చి చూస్తే లోపలంతా మశూచి మచ్చల్లా గుంటలు. అదే బెజ్జం బావిలో ఉండగా పడి, హెచ్‌టూఎస్ కాయిల్ లోపల్నించి పైకొచ్చి ఉంటే ఈ జవాబు రాయడానికి నేనుండేవాణ్ణి కాదు.

రిపోర్టులో ఏం రాశారో తెలుసా? కాయిల్ వయసైపోయిందని. నాకు మాత్రం ఒక వార్నింగ్ లెటర్ వచ్చింది. యాసిడ్ సీసాలు రెండు ట్యాంకు పక్కన వదిలేశానట, హౌస్‌కీపింగ్ బాగోలేదట.

ఇక ల్యాబ్ వాళ్ల సంగతి. ఉక్కు ముక్క ఒకటి నున్నగా పాలిష్ పట్టి, తూకం వేసి, ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ కుక్కర్ లాంటిది) మందు కలిపిన యాసిడ్‌లో ఆరు గంటలు ఉడకబెట్టి, మళ్లీ తూకం వేస్తారు. మామూలు ఉక్కుకి చదరపు అడుగుకి 0.05 పౌండ్ల లోపు పోతే పాస్. పైపంతా సమానంగా పరిస్తే అది 0.03 మిల్లీమీటర్లే. బాగానే ఉంది. కానీ బెజ్జం సమానంగా పడదు కదా! పైగా చాలా చోట్ల ఆ పరీక్ష నైట్రోజన్ ప్రెషర్‌తోనే కానిచ్చేస్తారు. హెచ్‌టూఎస్ పెట్టి చేయాలంటే దానికి వేరే గది, వేరే ఏర్పాట్లు, వేరే ఖర్చు. హెచ్‌టూఎస్ లేని తీపి బావి పరీక్ష చేసి పుల్ల (సోర్) బావికి సర్టిఫికెట్ ఇస్తారన్నమాట. ఆల్డిహైడ్ రకం మందులైతే హెచ్‌టూఎస్‌తోనే కలిసిపోతాయి, ఉక్కు దాకా వచ్చేది మిగిలిందే. ఆ సంగతి నైట్రోజన్‌కి ఎలా తెలుస్తుంది? మీరు బ్రాండు అడిగారు కదా, దాని బదులు ఇది అడగండి: మీ పరీక్షలో హెచ్‌టూఎస్ పెట్టారా, మా బావి పైపు ముక్కే వాడారా, ఎన్ని గంటలు ఉంచారు? మూడింటికీ జవాబు రాకపోతే ఆ కాగితం పకోడీలకి పనికొస్తుంది.

ఈ మందుల కథ పాతదే. 1932లో అమెరికాలోని మిచిగన్‌లో డౌ కంపెనీ వాళ్లు ఆర్సెనిక్ కలిపిన యాసిడ్‌ను ఒక సున్నపురాయి బావిలో పోశారు. పైపు బతికింది, ఆయిల్ పెరిగింది, అక్కణ్ణించే ఈ వ్యాపారమంతా మొదలైంది. చాలాకాలం ఆర్సెనిక్కే రాజు. సోర్ బావిలో మాత్రం ఆ రాజు పప్పులుడకవు. హెచ్‌టూఎస్ తగిలిందంటే ఆర్సెనిక్ పసుప్పచ్చటి సల్ఫైడ్‌గా మారి అడుగుకి దిగిపోతుంది. మన ఆయుర్వేదం వాళ్లు హరితాళం అంటారే, అదే సరుకు. మందు కాస్తా బావి అడుగున మడ్డి అయి కూర్చుంటుంది. ఇప్పుడు ఆర్సెనిక్ ఎవరూ వాడరు లెండి, మనిషికీ విషమే, రిఫైనరీలో కేటలిస్టుకీ విషమే. కానీ పాఠం ఒకటుంది: మామూలు బావిలో పనిచేసింది సోర్ బావిలో పనిచెయ్యాలని లేదు.

సోర్ బావిలో పైపు లోపల ఏళ్ల తరబడి ఐరన్ సల్ఫైడ్ పేరుకుని ఉంటుంది. యాసిడ్ దాన్ని కరిగించగానే మళ్లీ హెచ్‌టూఎస్ పుడుతుంది. బావి చంపేశాం, అంటే గ్యాసు పైకి రాకుండా ఆపేశాం, ఇక లేదు అనుకుని మాస్కు తీసిన మొనగాళ్లని చూశాను. ఇక తుప్పు కూడా కరిగిందంటే, ఆ ఇనుము హెచ్‌టూఎస్‌తో కలిసి పసుప్పచ్చటి గంధకాన్ని వదులుతుంది. మిగతా ఇనుము, యాసిడ్ పదును తగ్గి పీహెచ్ 2 దగ్గరికి వచ్చేసరికే నల్లటి సల్ఫైడ్‌గా గడ్డకట్టడం మొదలెడుతుంది. బాగుచెయ్యడానికి వెళ్లి రాతి రంధ్రాలు మనమే పూడ్చి వస్తాం. అందుకే అసలు జాబుకి ముందు కాస్త యాసిడ్‌తో బావి పైపు (ట్యూబింగ్) లోపల కడిగి, ఆ మురికిని పొరలోకి తోసెయ్యకుండా వెనక్కి తెచ్చి పారబొయ్యాలి. దాన్ని పిక్లింగ్ అంటారు. మా కొత్త కుర్రాడు మొదటిసారి విని ఆవకాయ అనుకున్నాడు. ఖర్చు మిగుల్చుకోవాలంటే మేనేజర్ల కత్తి మొదట పడేది దీని మీదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. యాసిడ్ వెళ్లేటప్పటి భయం అందరికీ ఉంటుంది, వచ్చేటప్పుడు ఎవరికీ ఉండదు. వెళ్లేటప్పుడు ఉన్న మందు చాలావరకు రాతికి అంటుకుని అక్కడే ఉండిపోతుంది. తిరిగొచ్చే యాసిడ్‌కి పదును తగ్గినా, దానికి మందు తోడు లేదు, హెచ్‌టూఎస్ తోడుంది. యాసిడ్ ఇనుమును తింటే పుట్టే హైడ్రోజన్ మామూలుగా రెండేసి పరమాణువులు జతకట్టి బుడగలై పోతుంది. హెచ్‌టూఎస్ ఉంటే ఆ జత కట్టనివ్వదు. ఒంటి హైడ్రోజన్ ఉక్కులోకే దూరుతుంది. మెత్తటి ఉక్కు ఓర్చుకుంటుంది, గట్టి ఉక్కు పుటుక్కుమంటుంది. గట్టిదైతే బలం అనుకుంటారు గానీ ఇక్కడ అంతా తిరకాసు. మామూలు ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ సీ స్కేలు మీద 22 దాటనివ్వకూడదని నేస్ (తుప్పు మీద ప్రమాణాలు రాసిన సంస్థ) వాళ్ల రూల్ ఉన్నది ఇందుకే. ఈ పగుళ్ల రోగం వేడికి కాదు, చల్లదనానికి ముదురుతుంది. బావి అడుగున 120 డిగ్రీల దగ్గర పైపు కరగడం భయం. పైన చలిరాత్రి వెల్‌హెడ్ దగ్గర అదే పైపు పగలడం భయం. ఒకే పైపుకి రెండు చివరలా ఇద్దరు శత్రువులు. కాబట్టి జాబ్ అయ్యాక యాసిడ్‌ను లోపల నానబెట్టి భోజనానికి పోకండి, వీలైనంత తొందరగా బయటికి తెచ్చేయండి. కాయిల్ లోపలికి దింపేటప్పుడు బయటివైపు కూడా మందు పట్టించండి, బావి గ్యాసు తగిలేది ఆ వైపే.

సర్టిఫికెట్ ఉన్న ఉక్కే కదా అని ధీమా పడేవాళ్లకి కజకిస్థాన్ గుర్తు చేస్తాను. కషగాన్ ఫీల్డు 2013 సెప్టెంబరులో మొదలై, కొన్ని వారాలకే పైప్‌లైన్లు ఈ హెచ్‌టూఎస్ పగుళ్లతోనే కారి ఆగిపోయింది. పైపులు మార్చి మళ్లీ మొదలెట్టేసరికి 2016 వచ్చింది. అక్కడ యాసిడ్ కూడా లేదు.

మన కేజీ బేసిన్‌లో పనిచేసి గల్ఫ్ వచ్చినవాళ్లతో నాకు ఎప్పుడూ ఒక పేచీ. "మేమూ యాసిడ్ పోశాంలే" అంటారు. పోశారు నిజమే. కానీ మన గ్యాసు తీపి గ్యాసు. పాశర్లపూడి గ్యాస్ బావి 1995లో 65 రోజులు మండితే మా ఊళ్లో చిన్నాపెద్దా బస్సెక్కి చూడ్డానికి పోయారు, నేనూ మా నాన్న భుజమెక్కి చూశాను. అదే సోర్ బావి అయితే చూడ్డానికి కాదు, పారిపోవడానికి కూడా టైముండేది కాదు. ఆ తీపి బావి అలవాట్లు పట్టుకొచ్చి ఇక్కడ చూపిస్తే ఎలాగండీ? రిటర్న్స్ వాసనొస్తున్నాయి కదా అని హెచ్‌టూఎస్‌ను పట్టేసే ట్రయజిన్ అనే రసాయనం తెచ్చి యాసిడ్‌లోనే పోయబోయిన మహానుభావుడొకడు ఉన్నాడు. ట్రయజిన్ యాసిడ్‌లో నిలవదు, విరిగిపోతుంది. ఇంకొకాయన సోడా యాష్ (క్షారం) వేసి వాసన చంపిన ట్యాంకులోకే మర్నాటి యాసిడ్ రిటర్న్స్ తిప్పాడు. నీళ్లలో దాక్కున్న సల్ఫైడంతా ఒక్కసారిగా హెచ్‌టూఎస్ అయి లేచింది. అలారాలన్నీ మోగాయి. గాలి మాకు అనుకూలంగా వీచింది కాబట్టి అందరం మస్టర్ పాయింట్ (ప్రమాదంలో అందరూ చేరాల్సిన చోటు) దగ్గర తేలాం.

స్వామి మకరజ్యోతి అయ్యాక మాల తీసి, గడ్డం గీసుకుని మళ్లీ ట్యాంకుల దగ్గరికొచ్చాడు. జరిగింది చెబితే, "చెప్పాను కదండీ" అని ఒక్క ముక్క అన్నాడు. దీక్ష అయిపోయింది కాబట్టి స్వామీ అనలేదు. ఆ తర్వాత మేమిద్దరం ఉన్న ఏ జాబులోనూ ట్యాంకు పావుగంట కంటే ఎక్కువ కదలకుండా ఉండలేదు. పంపు మొదలయ్యే ముందు, ట్యాంకు మార్చిన ప్రతిసారీ రెండు సీసాలు, రెండు మేకులు. నన్ను మేకుల మేస్త్రీ అనేవారు, అనుకోనీండి.

మీరు డోసు అడిగారు కదా. మీ బావి అడుగు వేడి ఎంతో, యాసిడ్ ఎన్ని గంటలు లోపలుంటుందో చెప్పకుండా శాతం చెప్పేవాడి మాట వినకండి. ఆ రెండూ ఇచ్చి, హెచ్‌టూఎస్ పెట్టి పరీక్ష చేయించి, ల్యాబ్ ఎంతంటే అంత వేయండి. మేకులు మాత్రం జింకు పూత లేనివి కొనండి. పూతవైతే మందున్నా లేకపోయినా పొంగుతాయి, నాలాగే అనవసరంగా ఒకసారి జాబ్ ఆపించి తిట్లు తింటారు.